క్రెడిట్ కార్డు బాకీ సెటిల్మెంట్: ముందు కాగితం, తర్వాతే డబ్బు

మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో ఎవరూ అడగరు. "ఎన్ని రూపాయల వడ్డీ?" అంటారు. వందకు నెలకు రెండు రూపాయలంటే ముఖం చిట్లిస్తారు. మూడంటే "ఆయన గుమ్మం తొక్కొద్దు" అని చెప్తారు. అదే లెక్కలో క్రెడిట్ కార్డును చూడండి. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర నుంచి మూడు రూపాయల డెబ్బై ఐదు పైసల దాకా ఉంటుంది. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అంటే మూడున్నర రూపాయల కార్డు చివరికి నాలుగు రూపాయల పదమూడు పైసల వడ్డీకి తేలుతుంది. లక్ష బాకీ ఉంటే నెలకు 4,130 రూపాయలు. మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల తప్పనిసరిగా కట్టాల్సిన కనీస మొత్తం, కింద ఐదు వేలు కట్టి "ఈ నెలకి గండం గడిచింది" అనుకుంటాం. అసలులో తగ్గింది 870 రూపాయలు.

మా బావమరిది ఈ లెక్క వేసుకోకుండా రెండేళ్లు మినిమమ్ కట్టాడు. ఉద్యోగం పోయాక అదీ కట్టలేకపోయాడు. తర్వాత ఏడు నెలలు కలెక్షన్ వాళ్ల ఫోన్లు, ఒక నోటీసు, ఇంట్లో గొడవలు. చివరికి సెటిల్మెంట్ అయింది, అంటే బ్యాంకు ఒప్పుకున్న తక్కువ మొత్తం కట్టి బాకీ తేల్చుకున్నాం. ఆ ఏడు నెలలూ అతని పక్కన కూర్చుని ఫోన్లు మాట్లాడింది, మెయిళ్లు రాసింది నేనే. మొదట్లో తప్పులు చేశాం, ఒక పదివేలు ఊరికే పోయాయి. ఆ సంగతి కింద చెప్తాను. ఇక్కడ రాసిందంతా మన దేశంలో ఇచ్చిన కార్డుల గురించే. గల్ఫ్‌లోనో అమెరికాలోనో తీసుకున్న కార్డు బాకీకి అక్కడి చట్టాలు వేరు.

బాకీ వయసు ఎంత?

బేరం ఎంతవరకు సాగుతుందన్నది బాకీ వయసు మీద ఆధారపడుతుంది. గడువు తేదీ దాటి మూడు రోజుల లోపే కట్టేస్తే లేట్ ఫీజు వేయకూడదు, మన అప్పుల చరిత్ర రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోలకు గడువు దాటినట్టు పంపకూడదు. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన కార్డు నిబంధనల్లో ఈ మాట ఉంది. ఆ తర్వాత నుంచి ఫోన్లు మొదలు. స్టేట్‌మెంట్‌లో ఇచ్చిన గడువు నుంచి 90 రోజుల్లో మినిమమ్ మొత్తం పూర్తిగా కట్టకపోతే ఖాతా మొండి బాకీ అవుతుంది, అంటే ఎన్‌పీఏ.

అక్కడి నుంచి బ్యాంకు లోపల వేరే లెక్క నడుస్తుంది. కార్డు బాకీకి తాకట్టు ఉండదు. అందుకని ఎన్‌పీఏ కాగానే ఆ మొత్తంలో 25 శాతం బ్యాంకు తన లాభంలోంచి తీసి పక్కన పెట్టాలి. ఎన్‌పీఏగా ఏడాది గడిస్తే నూటికి నూరు పక్కన పెట్టాలి. అలా వదులుకున్న లెక్కలో రాసేసిన డబ్బు ఎంత తిరిగొచ్చినా బ్యాంకుకు కలిసొచ్చినట్టే. పాత బాకీకి ఎక్కువ తగ్గింపు దొరకడానికి కారణం ఇదే. ఫోన్ చేసినవాడి మంచితనం కాదు, మన మాటకారితనమూ కాదు.

కాబట్టి మొదటి మూడు నెలల్లో అసలులో తగ్గించమంటే సాధారణంగా వినరు. లేట్ ఫీజులు, వడ్డీలో కొంత వదిలేస్తారు, లేదా ఈఎంఐ పెడతారు. 90 రోజులు దాటాక సెటిల్మెంట్ మాట వాళ్లే ఎత్తుతారు. ఆరు నెలల ప్రాంతంలో చాలా బ్యాంకులు ఖాతాను రైటాఫ్ చేస్తాయి. రైటాఫ్ అంటే మాఫీ అనుకుని సంబరపడినవాళ్లను చూశాను. అది బ్యాంకు పుస్తకాల్లో సర్దుబాటు, అంతే. బాకీ మీ పేరు మీద అలాగే ఉంటుంది.

తగ్గింపు కోసం కావాలని ఎగ్గొట్టి కూర్చోమని మాత్రం నేను చెప్పను. ఆ ఆరు నెలల్లో వడ్డీ పెరుగుతుంది, క్రెడిట్ స్కోరు పడిపోతుంది, ఇంట్లో మనశ్శాంతి పోతుంది. నిజంగా కట్టలేని స్థితి వచ్చినప్పుడు ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం.

లెక్క విడదీయండి

బ్యాంకు చెప్పే మొత్తం ఒకే ముద్దగా ఉంటుంది. దాన్ని మీరు నాలుగు ముక్కలు చేయాలి. యాప్‌లోంచి కట్టడం ఆగిన నెలకు ముందు ఆరు నెలలవి, తర్వాత వచ్చినవి, అన్ని స్టేట్‌మెంట్లు దించుకోండి. ఒక నోటుబుక్కులో రాయండి: మీరు నిజంగా గీకింది ఎంత, వడ్డీ ఎంత, లేట్ ఫీజులు ఎంత, జీఎస్టీ ఎంత. మా బావమరిది లెక్క సుమారుగా ఇలా తేలింది: వాడుకున్నది 1,20,000, వడ్డీ 46,000, లేట్ ఫీజులు 8,000, ఈ రెండింటి మీద జీఎస్టీ 9,720. మొత్తం 1,83,720.

ఇలా విడదీశాక ఫోన్లో మాట్లాడే తీరే మారిపోతుంది. "లక్షా ఎనభై వేలు ఎక్కడ తెచ్చేది" అన్న భయం పోయి, "నేను వాడుకున్నది లక్షా ఇరవై" అన్న పట్టు దొరుకుతుంది.

లెక్క వేస్తున్నప్పుడే తప్పులూ బయటపడతాయి. కట్టని లేట్ ఫీజులను, ఇతర చార్జీలను, పన్నులను అసలులో కలిపి వాటి మీద మళ్లీ వడ్డీ వేయకూడదని 2022 నిబంధనలు చెప్తున్నాయి. లేట్ ఫీజు కూడా గడువు తర్వాత కట్టకుండా మిగిలిన మొత్తం మీదే లెక్కకట్టాలి, మొత్తం బిల్లు మీద కాదు. తేడా కనిపిస్తే గుర్తు పెట్టుకోండి, బేరంలో పనికొస్తుంది. మీరు అడగని ఇన్సూరెన్సు ప్రీమియం ఏదైనా ప్రతి నెలా పడుతోందేమో కూడా చూడండి.

ఇంకో మాట. ఏడాదికి 30 శాతం మించి కార్డు వడ్డీ వేయడం చెల్లదని ఇప్పటికీ చాలామంది వాట్సాప్‌లో పంపుతుంటారు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అలా తీర్పిచ్చిన మాట నిజమే. కానీ 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ పాత తీర్పు పట్టుకుని వాదనకు దిగకండి.

సెటిల్మెంట్ కంటే ముందు అడగాల్సినవి

సెటిల్మెంట్‌కు ఒక ఖరీదు ఉంది. క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా పక్కన "సెటిల్డ్" అని పడుతుంది, "క్లోజ్డ్" అని కాదు. ఆ మచ్చ ఏళ్ల తరబడి కనిపిస్తుంది. రెండు మూడేళ్లలో ఇల్లు కొనాలని ఉన్నవాళ్లు, బ్యాంకు ఉద్యోగాలకు చదువుతున్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అందుకే ముందు వేరే దారులు అడిగి చూడండి.

మొత్తం బాకీని ఈఎంఐగా మార్చమనండి. కార్డు వడ్డీ కంటే తక్కువకే వస్తుంది, ముఖ్యంగా బాకీ పెరగడం ఆగుతుంది. ఇంట్లో బంగారం ఉంటే, బ్యాంకులో దాని మీద అప్పు వందకు రూపాయి వడ్డీకి కాస్త అటూ ఇటుగా దొరుకుతుంది. నాలుగు రూపాయల వడ్డీని రూపాయి వడ్డీతో తీర్చడం అన్నమాట. బంగారం కుదువ పెట్టడం పరువు తక్కువ అనుకుని కార్డు బాకీ మోసేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యమే. వడ్డీ, ఫీజులు వదిలేస్తే అసలు మొత్తం కట్టేస్తానని, ఖాతాను "క్లోజ్డ్"గా చూపమని అడగడం ఇంకో దారి. బాకీ కొత్తగా ఉన్నప్పుడు దీనికి ఒప్పుకునే అవకాశం ఉంది. మాట మెయిల్లో రాయించుకోండి.

ఇంకో కార్డు గీకి ఈ కార్డు కట్టడం మాత్రం వద్దు. రొటేషన్‌తో బయటపడినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

చేతిలో ఏకమొత్తం లేకుండా బేరానికి దిగకండి

సెటిల్మెంట్‌లో మీ బలం ఒక్కటే, ఒకేసారి కట్టగలిగిన డబ్బు. "ముందు ఒప్పుకుంటే తర్వాత చూస్తాను" అనేవాడికి తగ్గింపు రాదు. వచ్చినా గడువులోగా కట్టలేక ఒప్పందం రద్దవుతుంది, కట్టింది మామూలు చెల్లింపు కింద జమై వడ్డీలోకి పోతుంది.

బావమరిది విషయంలో చీటీ పాడాం. ఆరు నెలలుగా కడుతున్న రెండు లక్షల చీటీ, కాస్త ఎక్కువ తగ్గించి పాడినా చేతికి డబ్బు వచ్చింది. మీకు చీటీ కావచ్చు, అన్నదమ్ముల దగ్గర చేబదులు కావచ్చు, వాడని బండి అమ్మడం కావచ్చు. ఎంత వస్తుందో తేల్చుకుని, అందులో ఇంటి మూడు నెలల ఖర్చు పక్కన తీసేసి, మిగిలిందే మీ గరిష్ఠం అనుకోండి. ఆ అంకె ఎవరికీ చెప్పకండి.

ఈ పనితో పాటే చేయాల్సింది ఇంకోటుంది. జీతం పడే ఖాతా, కార్డు ఇచ్చిన బ్యాంకులోనే ఉందా? ఖాతాలో డబ్బును బాకీకి సర్దుకునే హక్కు చాలా కార్డు ఒప్పందాల్లో బ్యాంకుకు ఉంటుంది. ఒకటో తారీఖున జీతం పడగానే ఖాతా మీద హోల్డ్ పెడితే ఇంటి అద్దె కూడా కట్టలేరు. జీతం వేరే బ్యాంకుకు మార్పించుకోండి. ఆటో డెబిట్లు ఏమున్నాయో కూడా చూసుకోండి. ఖాళీ చెక్కులు ఎవరికీ ఇవ్వొద్దు. కార్డు బాకీ కట్టకపోవడం నేరం కాదు. కానీ మీరిచ్చిన చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు అవుతుంది. మీరు బ్యాంకుకు ఇచ్చిన ఆదేశంతో జరిగే ఆటో డెబిట్ డబ్బు లేక తిరిగిపోయినా 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టం కింద కేసు పెట్టే వీలుంది. సివిల్ బాకీని మన చేత్తో మనమే క్రిమినల్ చేసుకోవడం ఎందుకు?

ఫోన్లు, ఇంటికొచ్చే మనుషులు

ఫోన్ ఎత్తడం మానేయకండి. అలా అని ప్రతి ఫోనూ ఎత్తి ఏడవాల్సిన పనీ లేదు. రోజుకు ఒకసారి, మీరు నిబ్బరంగా ఉన్నప్పుడు మాట్లాడండి. ఎవరు చేసినా మొదట అడగాల్సినవి పేరు, ఏజెన్సీ పేరు, బ్యాంకు ఆ ఏజెన్సీకి ఇచ్చిన అధికార పత్రం. బాకీని ఏజెన్సీకి అప్పగిస్తే ఆ వివరాలు బ్యాంకే మీకు ముందుగా చెప్పాలి.

2022 ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ఇక్కడ మీకు రక్ష. ఉదయం 8 గంటల లోపు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. తిట్టడం, బెదిరించడం, నలుగురిలో పరువు తీయడం, మీ బంధుమిత్రుల జోలికి వెళ్లడం, ఇవేవీ కుదరవు. రాత్రి తొమ్మిదికి మీ ఆఫీసు మేనేజరుకు ఫోన్ చేశారంటే రెండు తప్పులు ఒకేసారి చేసినట్టు. కాల్ రికార్డింగులు, మెసేజీల స్క్రీన్‌షాట్లు దాచుకోండి. కోపంతో కాదు, బేరం కోసం. బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి తేదీలతో సహా ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ ఉండదు. వివరాలకు 14448 నంబరు ఉంది. కొడతామనో, ఇంకేదో చేస్తామనో బెదిరిస్తే అది పోలీసుల పని, నేరుగా స్టేషన్‌కు వెళ్లండి.

"రేపు పోలీసులు వస్తారు, అరెస్టు వారెంట్ రెడీ అయింది" అనే ఫోన్ దాదాపు అందరికీ వస్తుంది. కార్డు బాకీకి అలా వారెంట్లు రావు. బావమరిదికి వాట్సాప్‌లో ఒక "వారెంట్" వచ్చింది. అందులో కోర్టు పేరే తప్పు రాసి ఉంది.

బేరం

ఇక అసలు పని. ఫోన్లో మాట్లాడేది ఏజెంటు. తగ్గింపు ఇచ్చే అధికారం అతనికి ఉండదు, అతని పైవాళ్లకు, చివరికి బ్యాంకు సెటిల్మెంట్ విభాగానికి ఉంటుంది. అందుకని ఏజెంటుతో పోట్లాడి లాభం లేదు. మీ అంకెను పైకి తీసుకెళ్లే మనిషిగా అతన్ని చూడండి, మర్యాదగా మాట్లాడండి. సంభాషణ దాదాపు ఇలాగే ఉంటుంది:

"సార్, మీ అవుట్‌స్టాండింగ్ లక్షా ఎనభై మూడు వేలు. ఈ రోజు ఐదు గంటల్లోపు లక్షన్నర కడితే క్లోజ్ చేయిస్తాను. రేపటికి ఆఫర్ ఉండదు."

"నా దగ్గర డెబ్బై వేలే ఉందండి. దానికి బ్యాంకు లెటర్ ఇప్పిస్తే ఐదు రోజుల్లో కట్టేస్తాను."

"డెబ్బైకి సిస్టమ్ తీసుకోదు సార్."

"సరేనండి, తీసుకున్నప్పుడు చెప్పండి. మీ పేరు ఇంకోసారి చెప్తారా, రాసుకుంటాను."

అక్కడితో ఫోన్ పెట్టేయాలి. అదే కష్టం. అవతల మౌనం రాగానే మనకు చెమటలు పట్టి "ఎనభై" అనేస్తాం. బావమరిది మొదటిసారి సరిగ్గా అదే చేశాడు. అంతటితో ఆగకుండా, "గుడ్‌విల్ కోసం ఒక పదివేలు కట్టండి సార్, సెటిల్మెంట్ పైకి పంపిస్తా" అన్న మాట నమ్మి పదివేలు కట్టాడు. సెటిల్మెంట్ రాలేదు. పదివేలు వడ్డీలో కలిసిపోయింది. మర్నాడు వేరే ఏజెంటు ఫోన్ చేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. టోకెన్ అడ్వాన్సు, గుడ్‌విల్, ప్రాసెసింగ్, పేరు ఏదైనా లెటర్ చేతికి రాకముందు రూపాయి కట్టొద్దు.

ఎంత శాతానికి దిగుతారన్నదానికి రూలేమీ లేదు. బాకీ వయసు, మీ పరిస్థితికి మీరు చూపే పత్రాలు, నెలాఖరు, ఇవన్నీ కలిసి తేలుస్తాయి. ఏజెన్సీలకు నెల టార్గెట్లు ఉంటాయి, బ్యాంకులకు మూడు నెలల లెక్కలు. నెల 26 నుంచి 30 మధ్య, అందులోనూ మార్చి నెలాఖరున వచ్చే ఫోన్లలో స్వరం మెత్తబడుతుంది. "ఈ రోజే చివరి రోజు" అన్న ఆఫర్ పది రోజుల తర్వాత ఇంకా తగ్గి తిరిగొచ్చింది మాకు.

మీ మొదటి అంకె మీ గరిష్ఠానికి బాగా కింద ఉండాలి. పెంచేటప్పుడు చిన్న చిన్న మెట్లు, ప్రతిసారీ ఒక కారణం. "మా అక్క ఇరవై వేలు సర్దుతానంది, తొంభై దాకా కట్టగలను" అన్నట్టు. ఊరికే పెంచితే ఇంకా ఉందనుకుంటారు. మేం డెబ్బై దగ్గర మొదలుపెట్టి లక్షా ఐదు వేల దగ్గర ఆగాం. వాడుకున్న అసలు కంటే పదిహేను వేలు తక్కువ. ఇంకా తగ్గేదేమో నాకు తెలీదు, కానీ అప్పటికే మా అత్తగారికి బీపీ పెరిగింది. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి కదా.

ఫోన్లో మాట్లాడుతూనే బ్యాంకు అధికారిక మెయిల్‌కు ఒక లేఖ పంపండి. మేం రాసింది దాదాపు ఇలా ఉంది:

"నా కార్డు, చివరి నాలుగు అంకెలు ఫలానా, బాకీ గురించి రాస్తున్నాను. ఫలానా నెలలో నా ఉద్యోగం పోయింది, రిలీవింగ్ లెటర్ జతచేశాను. ప్రస్తుతం నా కుటుంబానికి నెల ఆదాయం ఇంత, తప్పనిసరి ఖర్చులు ఇంత. మొత్తం బాకీ కట్టే స్థితిలో లేను. బంధువుల సాయంతో రూ. ఇంత ఏకమొత్తంగా కట్టి ఈ ఖాతాను పూర్తిగా, తుదిగా పరిష్కరించుకోవాలని కోరుకుంటున్నాను. మీకు సమ్మతమైతే బ్యాంకు లెటర్‌హెడ్ మీద సెటిల్మెంట్ లెటర్ పంపండి. అందిన ఏడు రోజుల్లో చెల్లిస్తాను. ఈ ప్రతిపాదన రాజీ కోసం మాత్రమే, నా చట్టపరమైన హక్కులకు భంగం లేకుండా చేస్తున్నది."

ఒక్క హెచ్చరిక. బాకీ మూడేళ్లకు దగ్గర పడినా, దాటినా ఈ లేఖ పంపే ముందు లాయర్‌ను కలవండి. కార్డు బాకీకి కోర్టులో దావా వేయడానికి మూడేళ్ల కాలపరిమితి ఉంది. ఆ లోపు మీరు బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసి ఇచ్చినా, కొంత కట్టినా మళ్లీ మొదటి నుంచి మూడేళ్లు లెక్క మొదలవుతుంది. గడువు దాటిన బాకీని సైతం "కడతాను" అని రాసి సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం 25(3) కింద అది కొత్త ఒప్పందమై కూర్చుంటుంది.

రెండు మూడు కార్డులు ఉంటే అన్నిటికీ కొంచెం కొంచెం పంచకండి. ఒకదాన్ని పూర్తిగా తేల్చి, తర్వాత రెండోది.

మధ్యలో "మీ బాకీ సగానికి తగ్గిస్తాం, మాకు ఫీజు కట్టండి" అనే సంస్థల ప్రకటనలు కనిపిస్తాయి. రుణమాఫీ చేయిస్తామంటూ డబ్బు తీసుకునేవాళ్ల గురించి 2023 డిసెంబరులో రిజర్వు బ్యాంకే జనాన్ని హెచ్చరించింది. వాళ్లు రాసే మెయిల్ మీరూ రాయగలరు.

లెటర్‌లో ఏం ఉండాలి

లెటర్ బ్యాంకు అధికారిక మెయిల్ నుంచి రావాలి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ లెక్కలోకి రాదు. దాన్ని కార్డు వెనక ఉన్న కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేసి, లేదా బ్రాంచికి వెళ్లి నిజమేనా అని అడగండి. నకిలీ లెటర్లు బోలెడు తిరుగుతున్నాయి.

మీ పేరు, కార్డు చివరి అంకెలు, మొత్తం బాకీ, ఒప్పుకున్న మొత్తం, కట్టాల్సిన తేదీ స్పష్టంగా ఉండాలి. ఇది కట్టాక ఈ ఖాతాలో ఇంకేమీ బాకీ ఉండదు, ఇది పూర్తి తుది పరిష్కారం అన్న మాట ఉండి తీరాలి. కేసో, ఆర్బిట్రేషనో (కోర్టు బయట మధ్యవర్తి ముందు విచారణ) నడుస్తుంటే ఉపసంహరించుకుంటామని రాయించండి. ఇక బాకీ లేదని చెప్పే నో డ్యూస్ సర్టిఫికెట్ ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా. ఈ మాటల్లో ఒక్కటి లేకపోయినా మార్చి పంపమని అడగండి, మొహమాటం వద్దు.

వాయిదాల్లో కడతానంటే మూడు నెలల లోపు పెట్టుకోవడానికే బ్యాంకులు ఇష్టపడతాయి. మూడు నెలలు దాటితే దాన్ని రుణ పునర్వ్యవస్థీకరణ కింద చూడాలని 2023 జూన్ 8 నాటి రిజర్వు బ్యాంకు రాజీ పరిష్కారాల నిబంధన చెప్తుంది, వాళ్లకు అది తలనొప్పి. వాయిదా ఒక్కటి తప్పినా ఒప్పందం పోతుంది. అందుకే వీలైతే ఒకే విడత.

కట్టేటప్పుడు డబ్బు నేరుగా మీ కార్డు ఖాతాలోకే వెళ్లాలి. బ్యాంకు యాప్ నుంచి గానీ, లెటర్‌లో రాసిన ఖాతాకు నెఫ్ట్ ద్వారా గానీ కట్టండి. ఏజెంటు సొంత ఫోన్‌పే నంబరుకు వద్దు, నగదుగా అసలే వద్దు. గడువు తేదీకి రెండు రోజుల ముందే కట్టండి. చివరి రోజు సర్వర్ డౌన్ అయితే మీ మాట ఎవరూ వినరు.

ఈలోపు నోటీసు వస్తే

లీగల్ నోటీసు అంటే ఇంకా కేసు కాదు. జవాబు రాయండి, మీ ప్రతిపాదన అందులో పెట్టండి.

ఆర్బిట్రేషన్ నోటీసు వస్తే పక్కన పడేయకండి. మీరు వెళ్లకపోతే ఎక్స్‌పార్టీగా అవార్డు, అంటే తీర్పు, ఇచ్చేస్తారు, అది కోర్టు డిక్రీలా అమలవుతుంది. ఆర్బిట్రేటర్‌ను బ్యాంకు ఏకపక్షంగా నియమించి ఉంటే మీ అభ్యంతరం మెయిల్లో రాసిపెట్టండి. వివాదంలో ఉన్న పార్టీ ఒంటరిగా ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించడం చెల్లదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

లోక్ అదాలత్ నోటీసు చూసి చాలామంది వణికిపోతారు. నిజానికి అది శిక్ష వేసే చోటు కాదు, రాజీకి పిలుపు. నిజమైన నోటీసేనా అని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కనుక్కోండి, ఉచిత న్యాయ సాయం నంబరు 15100. నా దృష్టిలో కార్డు బాకీ తేల్చుకోవడానికి మంచి చోట్లలో ఇదొకటి. ఏజెంటు కాకుండా బ్యాంకు మనిషి ఎదురుగా కూర్చుంటాడు, ఇద్దరి మధ్య న్యాయాధికారి ఉంటారు. అయితే అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మీరు కట్టగలిగిన అంకెకే సంతకం పెట్టండి.

కేసు వేసి డిక్రీ తెచ్చుకున్నా జీతమంతా పట్టుకుపోరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60 సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. పీఎఫ్ డబ్బూ అందదు.

ఇక "ఐపీ పెట్టేస్తా" అనే మాట. మన దగ్గర వ్యాపారం దెబ్బతిన్న ప్రతివాడూ ఒకసారి అనే మాటే. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ప్రకారం వేసే దివాలా పిటిషన్ అది. ఒక్క కార్డు బాకీ కోసం ఆ దారి పట్టడం ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకున్నట్టే. ఆస్తులన్నీ కోర్టు చేతికి వెళ్తాయి.

కట్టాక

కట్టిన రోజే రసీదు, యూటీఆర్ నంబరుతో (ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) బ్యాంకుకు మెయిల్ పెట్టి నో డ్యూస్ సర్టిఫికెట్ అడగండి. మాకు అడిగిన మూడోసారికి వచ్చింది. రాకపోతే నోడల్ అధికారి, ఆ తర్వాత అంబుడ్స్‌మన్, పైన చెప్పిన దారే.

నెలా నెలన్నర తర్వాత క్రెడిట్ రిపోర్టు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ చూడండి, ఒకదాంట్లో సరిచేసి ఇంకోదాంట్లో వదిలేయడం మామూలే. "సెటిల్డ్" అని, బాకీ సున్నా అని ఉండాలి. ఇంకా బాకీ చూపిస్తుంటే వివాదం నమోదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి.

అదే బ్యాంకు నుంచి కనీసం ఏడాది పాటు కొత్త అప్పు ఆశించకండి, రాజీ పరిష్కారాల నిబంధనల్లోనే ఆ విరామం ఉంది. డబ్బు కూడాక, వదిలేసిన మొత్తం కట్టి "సెటిల్డ్"ను "క్లోజ్డ్"గా మార్చించుకోవచ్చు. ఇల్లు కొనే ముందు కొందరు అలా చేస్తారు. స్కోరు మళ్లీ ఎక్కించుకోవాలంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకుని, నెలకు ఒక కరెంటు బిల్లు కట్టి, వచ్చిన బిల్లు మొత్తం తీర్చేస్తే చాలు.

సెటిల్మెంట్ లెటర్, రసీదు, నో డ్యూస్, ఈ మూడూ ప్రింటు తీసి ఇంటి కాగితాలతో కలిపి పెట్టండి, మెయిల్లోనూ ఉంచండి. బ్యాంకులు పాత మొండి బాకీలను గుత్తగా, వాటిని కొని వసూలు చేసుకునే అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీలకు అమ్ముతుంటాయి. అలా అమ్మిన జాబితాల్లో తేలిపోయిన ఖాతాలు కూడా అప్పుడప్పుడు కలిసిపోతాయి. బావమరిదికి ఏడాదిన్నర తర్వాత, ఎప్పుడూ వినని కంపెనీ నుంచి "మీ బాకీ మేం కొన్నాం" అని ఫోన్ వచ్చింది. ఈసారి అతను నాకు ఫోన్ చేయలేదు. మూడు కాగితాలూ ఫొటో తీసి వాళ్ల మెయిల్‌కు పంపి, భోజనానికి కూర్చున్నాడు.